సముద్ర నాచు వర్ణకాలు డీఎన్‌ఏను కాపాడాయని ఎప్పుడు చెప్పొచ్చు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తినదగిన ఆకుపచ్చ సముద్ర నాచు (అల్వా జాతి) పొడి నుంచి ఎసిటోన్‌తో రంగు తీశారు. బ్యాక్టీరియాతో డీఎన్‌ఏ దెబ్బను పసిగట్టే ఉము పరీక్షలో, ఎంఎన్‌ఎన్‌జీ అనే మ్యూటజెన్‌తో (డీఎన్‌ఏను మార్చేసే రసాయనంతో) పాటు ఆ రంగు కూడా కలిపితే సంకేతం 70 శాతం తగ్గింది. దీన్ని 'డీఎన్‌ఏ రక్షణ' అని రాయొచ్చా? ఎర్ర, గోధుమ నాచులతో చేయాలంటే పద్ధతి ఎలా మారాలి? ఆ నాచు తినేవాళ్లకు కూడా ఈ మేలు అందుతుందా?

మొదటిదానికి సూటి జవాబు: ఇప్పుడున్న వివరాలతో రాయకూడదు. ఫలితం తప్పని కాదు. ఆ అంకె తగ్గడానికి రక్షణతో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటిగా తోసిపుచ్చే పోలిక గొట్టాలు మీ ప్రయోగంలో లేవు. అవి ఏమిటో, ఎలా పెట్టాలో చెబుతాను.

పరీక్ష నిజంగా ఏం కొలుస్తుంది

ఉము పరీక్షను 1985లో జపాన్ పరిశోధకులు ప్రచురించారు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా టీఏ1535 రకంలో పీఎస్‌కే1002 అనే ప్లాస్మిడ్ (చిన్న డీఎన్‌ఏ వలయం) పెడతారు. అందులో ఉము-సి జన్యువుకు లాక్-జెడ్ జన్యువు అతికించి ఉంటుంది. డీఎన్‌ఏకు దెబ్బ తగిలితే బ్యాక్టీరియాలో ఎస్‌ఓఎస్ స్పందన (దెబ్బను సరిచేసుకునే అత్యవసర ఏర్పాటు) మొదలై ఉము-సి పని ప్రారంభిస్తుంది, దాంతోపాటే బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ తయారవుతుంది. ఆ ఎంజైమ్ ఓఎన్‌పీజీ అనే రంగులేని పదార్థాన్ని విరగ్గొట్టగా వచ్చే పసుపును 420 నానోమీటర్ల దగ్గర చదువుతాం.

అంటే మనం చూసేది డీఎన్‌ఏను కాదు, నాలుగైదు మెట్లు దాటాక తేలే పసుపు రంగును. మ్యూటజెన్ కణంలోకి వెళ్లకపోయినా, కణం చచ్చినా, ప్రొటీన్ తయారీ మందగించినా, ఎంజైమ్ మూలబడినా పసుపు తగ్గుతుంది. పైగా ఇది రంగును కొలిచే పరీక్ష. అందులో మీరు పోస్తున్నదీ రంగే. ఫియోఫైటిన్ (మెగ్నీషియం ఊడిపోయిన క్లోరోఫిల్) 409 దగ్గర, క్లోరోఫిల్-ఎ 430 దగ్గర, గోధుమ నాచు వర్ణకమైన ఫ్యూకోజాంథిన్ 450 దగ్గర గట్టిగా కాంతిని పీలుస్తాయి. మూడూ 420కి పక్కింటివే.

ఇంకో మాట. ఎంఎన్‌ఎన్‌జీ చిన్న అణువు, చదునైన వలయాలు లేనిది, ఏ ఎంజైమ్ సాయమూ లేకుండా నేరుగా డీఎన్‌ఏకు మిథైల్ గుంపును తగిలించేది. క్లోరోఫిల్ జాతి వర్ణకాలకు బాగా తెలిసిన బలం చదునైన వలయాలున్న అణువులను పట్టుకోవడం. కాబట్టి ఎంఎన్‌ఎన్‌జీ మీద 70 శాతం వచ్చిందంటే సంబరపడే ముందు అనుమానపడాలి. ఎసిటోన్ సారంలో మిగిలిపోయిన థయోల్, అమైన్ పదార్థాలు ఎంఎన్‌ఎన్‌జీని కణం బయటే కుళ్లబెట్టి ఉండొచ్చు. అప్పుడు ఆ ఘనత వర్ణకానిది కాదు, మలినానిది.

ఏ నాచులో ఏ వర్ణకం, ఎలా తీయాలి

ఆకుపచ్చ నాచులో క్లోరోఫిల్ ఎ, బి, వాటితో లూటీన్, బీటా కెరోటిన్ ఉంటాయి. వకామే, కొంబు వంటి గోధుమ నాచుల్లో క్లోరోఫిల్ ఎ, సి లతో పాటు ఆ గోధుమ ఛాయకు కారణమైన ఫ్యూకోజాంథిన్ ఉంటుంది. నోరి వంటి ఎర్ర నాచులో క్లోరోఫిల్-ఎ, కెరోటినాయిడ్లు, వాటి పైన నీటిలో కరిగే ఫైకోఎరిత్రిన్, ఫైకోసయనిన్ ఉంటాయి. ఈ చివరి రెండూ ప్రొటీన్లు. వీటిని మిగతావాటితో ఒకే పద్ధతిలో తీయలేం.

నాచును ముందు మంచినీటితో రెండుమూడుసార్లు కడిగి ఉప్పు వదిలించాలి. వీలైతే ఫ్రీజ్ డ్రై చేయండి, లేదంటే 40 డిగ్రీల లోపు నీడలో ఆరబెట్టండి. వేడి ఎక్కువైతే క్లోరోఫిల్ మీకు తెలియకుండానే ఫియోఫైటిన్ అవుతుంది, ఫైకోఎరిత్రిన్ పాడవుతుంది. పొడి గ్రాముకు 20 మి.లీ. చొప్పున 90 శాతం ఎసిటోన్ పోసి, చిటికెడు మెగ్నీషియం కార్బొనేట్ వేసి, 4 డిగ్రీల దగ్గర చీకట్లో రాత్రంతా ఉంచండి. ఆ కార్బొనేట్ లేకపోతే నాచులోని ఆమ్లాలే క్లోరోఫిల్ నుంచి మెగ్నీషియాన్ని ఊడబెరుకుతాయి. మర్నాడు 4,000 జీ దగ్గర పది నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి తేట తీసుకోండి. మడ్డి తెల్లబడేదాకా మళ్లీ ఎసిటోన్ పోసి తీయాలి.

ఎంత ఉందో తెలుసుకోవడానికి జెఫ్రీ, హంఫ్రీ 1975లో ఇచ్చిన సమీకరణాలు 90 శాతం ఎసిటోన్‌కు సరిపోతాయి. ఆకుపచ్చ నాచు అయితే క్లోరోఫిల్-ఎ మి.లీ.కు మైక్రోగ్రాముల్లో = 11.93 × (664 దగ్గరి రీడింగ్) − 1.93 × (647 దగ్గరిది). క్లోరోఫిల్-బి = 20.36 × (647) − 5.50 × (664). గోధుమ నాచుకు ఇవే వాడితే తప్పు. అక్కడ బి ఉండదు, సి ఉంటుంది. కాబట్టి క్లోరోఫిల్-ఎ = 11.47 × (664) − 0.40 × (630).

మీ సారంలో ఉన్నది క్లోరోఫిలా, ఫియోఫైటినా అన్నది చాలామంది చూడరు. క్యువెట్‌లో 665 దగ్గర ఓసారి చదివి, ఆమ్లం తుది గాఢత 0.003 నార్మల్ అయ్యేలా హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి, ఒకటిన్నర నిమిషం ఆగి మళ్లీ చదవండి. మొదటి రీడింగ్‌ను రెండోదానితో భాగిస్తే స్వచ్ఛమైన క్లోరోఫిల్-ఎకు 1.7 దాకా వస్తుంది, అంతా ఫియోఫైటినే అయితే 1.0 వస్తుంది. క్లోరోఫిల్-బి ఉన్న సారంలో ఈ నిష్పత్తి కొంచెం తగ్గుతుంది, అయినా పెద్ద తేడాను పట్టేస్తుంది. 1.2, 1.3 వస్తే మీరు పరీక్షించినది ప్రధానంగా ఫియోఫైటిన్, అదే రాయాలి. ఇదేమీ చిన్నతనం కాదు. ఆకుపచ్చ నాచు నుంచి తీసిన ఫియోఫైటిన్-ఎకు ఉము పరీక్షలో సంకేతాన్ని అణిచే గుణం ఉందని 1990లలో జపాన్ పరిశోధకులు చూపించారు. కడుపులోని ఆమ్లానికి క్లోరోఫిల్ ఎలాగూ ఫియోఫైటిన్‌గానే మారుతుంది.

గోధుమ నాచుతో రెండు చిక్కులు. ఒకటి, ఫ్లోరోటానిన్లు. ఈ పాలీఫినాళ్లు ప్రొటీన్లకు అంటుకుని ఎంజైముల పని ఆపేస్తాయి. ఆల్కహాల్ సారంలో ఇవి దండిగా వస్తాయి. పాలీవినైల్ పాలీపిరోలిడోన్‌తో కలియబెట్టి వడగట్టకపోతే 'ఫ్యూకోజాంథిన్ ఫలితం' అనుకున్నది టానిన్ ఫలితం కావచ్చు. రెండోది, కెరోటినాయిడ్లు శుద్ధి చేసేటప్పుడు క్లోరోఫిల్‌ను వదిలించడానికి క్షారం పోయడం చాలా ప్రయోగశాలల్లో అలవాటు. ఫ్యూకోజాంథిన్ క్షారానికి తట్టుకోదు, మరో పదార్థంగా మారిపోతుంది. ఆమ్లానికి దాని ఎపాక్సైడ్ వలయం తట్టుకోదు. అందుకే ఇథనాల్‌తో తీసి, సిలికా కాలమ్ మీద విడదీసి, హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంలో) 450 దగ్గర ప్రామాణిక నమూనాతో పోల్చుకోవడమే దారి.

ఎర్ర నాచుకు ఎసిటోన్ కంటే ముందు బఫర్. పొడిని 0.1 మోలార్, పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో నూరి, గడ్డకట్టించి కరిగించడం రెండుమూడుసార్లు చేసి, చల్లగా సెంట్రిఫ్యూజ్ చేస్తే గులాబీ రంగు తేట వస్తుంది. బీర్, ఎషెల్ 1985 సమీకరణం ప్రకారం ఫైకోఎరిత్రిన్ మి.లీ.కు మి.గ్రాముల్లో = [(564 − 592) − (455 − 592) × 0.20] × 0.12. ఇక్కడి అంకెలన్నీ ఆయా తరంగదైర్ఘ్యాల దగ్గరి రీడింగులు. మిగిలిన మడ్డిని ఎసిటోన్‌తో తీస్తే క్లోరోఫిల్, కెరోటినాయిడ్లు వస్తాయి. క్రమం తిరగేస్తే ఎసిటోన్ దెబ్బకు ఫైకోఎరిత్రిన్ ముద్దకట్టిపోతుంది.

ఇక వెలుతురు. క్లోరోఫిల్ వెలుగు పీల్చి, గాలిలోని ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకైన రూపంలోకి మారుస్తుంది. అది స్వయంగా డీఎన్‌ఏను, ముఖ్యంగా గ్వానిన్‌ను దెబ్బతీస్తుంది. రక్షకుడనుకున్నవాడే దాడికి దిగుతాడన్నమాట. సారం తీయడం నుంచి కణాలతో కలిపి ఉంచే రెండు గంటల దాకా మసక వెలుతురులోనే పని సాగాలి. ఫొటోల డార్క్‌రూమ్ అలవాటుతో ఎర్ర దీపం పెట్టేవాళ్లున్నారు. క్లోరోఫిల్ 665 దగ్గర ఎరుపునే పీలుస్తుంది, కాబట్టి దానికి మసక ఆకుపచ్చ దీపం కావాలి. ఫైకోఎరిత్రిన్‌కు ఆకుపచ్చ సరిపడదు, అది పీల్చేది సరిగ్గా ఆ రంగునే. దాని గొట్టాలకు అల్యూమినియం రేకు చుట్టేయండి.

కణాలకు అందించడం

ఫియోఫైటిన్, క్లోరోఫిల్, కెరోటిన్ నీటిలో కరగవు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కలిపి కల్చర్‌లో (బ్యాక్టీరియా పెరిగే ద్రవంలో) వేస్తే నలుసులుగా తేలతాయి. ఆ నలుసులు మ్యూటజెన్‌ను బొగ్గులా పీల్చుకుంటాయి. అంకె తగ్గుతుంది గానీ అది అణువు చేసిన పని కాదు. మేలైన దారి: వర్ణకాన్ని ఎసిటోన్‌లో కరిగించి, దాని బరువుకు పది రెట్లు ట్వీన్ 80 (కరగనివాటిని నీటిలో కలిపే సబ్బులాంటి పదార్థం) కలిపి, నైట్రోజన్ వాయువు కింద ఎసిటోన్‌ను ఆవిరి చేసి, మిగిలినదాన్ని బఫర్‌లో కలపండి. తేటగా, పారదర్శకంగా రావాలి. మబ్బుగా ఉంటే 10,000 జీ దగ్గర తిప్పి, పైన మిగిలినదాంట్లో వర్ణకం ఎంతుందో మళ్లీ కొలవండి. తూకం వేసిన అంకె మీద ఆధారపడొద్దు. వర్ణకం లేని ట్వీన్ గొట్టం ఒకటి ప్రతి ప్రయోగంలో ఉండాలి.

ఫియోఫైటిన్-ఎ అణుభారం దాదాపు 871. ఒక మిల్లీమోలార్ స్టాక్ అంటే మి.లీ.కు 0.87 మి.గ్రా. దాన్నుంచి 0.06 మి.లీ., కల్చర్ 2.4 మి.లీ., బఫర్ లేదా ఎస్9 మిశ్రమం (కాలేయ ఎంజైములున్నది) 0.5 మి.లీ., డీఎంఎస్‌ఓలోని మ్యూటజెన్ 0.04 మి.లీ. కలిపితే మొత్తం 3 మి.లీ., వర్ణకం తుది గాఢత 20 మైక్రోమోలార్. స్టాక్‌ను పలచన చేస్తూ 1, 5, 20 చూడండి, కరుగుదల అనుమతిస్తే 50 కూడా. మోతాదు పెరిగేకొద్దీ తగ్గుదల పెరుగుతూ రావాలి. ఒకే మోతాదు మీద వచ్చిన 70 శాతానికి విలువ తక్కువ.

కల్చర్‌ను యాంపిసిలిన్ ఉన్న మాధ్యమంలో రాత్రంతా పెంచి, ఉదయం 50 రెట్లు పలచన చేసి, 600 దగ్గర రీడింగ్ 0.25–0.30కి వచ్చాక వాడండి. యాంపిసిలిన్ మరిచిపోతే ప్లాస్మిడ్ జారిపోతుంది, సంకేతం రోజురోజుకూ నీరసపడుతుంది. 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు కదుపుతూ ఉంచాక, 600 దగ్గర పెరుగుదల చదివి, 0.2 మి.లీ. కల్చర్‌ను 2.3 మి.లీ. జెడ్ బఫర్‌లో వేసి, 0.1 శాతం ఎస్‌డీఎస్ 50 మైక్రోలీటర్లు, క్లోరోఫాం 10 మైక్రోలీటర్లు వేసి గట్టిగా కలపాలి. మి.లీ.కు 4 మి.గ్రా. ఉన్న ఓఎన్‌పీజీ 0.5 మి.లీ. పోసి 28 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచి, ఒక మోలార్ సోడియం కార్బొనేట్ 1.5 మి.లీ.తో ఆపేయాలి. యూనిట్లు = 1000 × (420 రీడింగ్ − 1.75 × 550 రీడింగ్) ÷ (నిమిషాలు × 0.2 × 600 రీడింగ్).

మ్యూటజెన్ మోతాదు సంకేతం నాలుగు నుంచి ఆరు రెట్లు పెరిగే దగ్గర, గ్రాఫ్ ఇంకా ఎక్కుతూ ఉన్న చోట ఎంచుకోండి. గ్రాఫ్ చదునైపోయిన చోట ఎంచుకుంటే మ్యూటజెన్ సగానికి సగం పట్టుబడినా అంకె కదలదు.

శాతం లెక్కలో కూడా చాలామంది జారతారు. తగ్గుదల = 100 × [1 − (వర్ణకంతో − సహజస్థాయి) ÷ (మ్యూటజెన్ ఒక్కటే − సహజస్థాయి)]. సహజస్థాయి అంటే మ్యూటజెన్ వేయని గొట్టం అంకె. ఉదాహరణకు సహజస్థాయి 60, మ్యూటజెన్‌తో 460, వర్ణకం కలిపితే 180 అయితే తగ్గుదల 70 శాతం. సహజస్థాయిని తీసేయకుండా 180ని 460తో భాగిస్తే 61 శాతమే వస్తుంది. మీరు ఏ లెక్క వేశారో చూసుకోండి. వర్ణకం ఒక్కటే ఉన్న గొట్టం సహజస్థాయిని మార్చితే ఆ గొట్టం విలువనే తీసేయాలి.

సూత్రమే మోసం చేసే చోటు

పైన రాసిన 1.75 × 550 అన్నది బ్యాక్టీరియా మబ్బును తీసేయడానికి పెట్టిన సవరణ. 550 దగ్గర కనిపించేదంతా మబ్బేనని ఆ సూత్రం నమ్ముతుంది. ఫైకోఎరిత్రిన్ 545–565 దగ్గరే శిఖరానికి చేరుతుంది. కల్చర్‌లో మి.లీ.కు 0.3–0.4 మి.గ్రా. వేస్తే, ఇన్ని పలచనల తర్వాత కూడా 550 రీడింగ్‌కు 0.1 చేరవచ్చు. లెక్క చూడండి. వర్ణకం లేకుండా 420 దగ్గర 0.500, 550 దగ్గర 0.020 అయితే సవరించిన విలువ 0.465. పసుపు అంతే ఉండి, 550 దగ్గర మాత్రం 0.120 అయితే సవరించిన విలువ 0.290. ఏ రక్షణా లేకుండానే 38 శాతం 'తగ్గుదల'. కార్బొనేట్ క్షారానికి కొంత రంగు పోతుంది కానీ ఎంత పోయిందో కొలవకుండా నమ్మలేం.

600 దగ్గర కూడా ఇదే తంతు. ఫైకోసయనిన్ 618 దగ్గర పీలుస్తుంది, క్లోరోఫిల్‌కు ఆ చుట్టుపక్కల చిన్న గుట్టలున్నాయి. పెరుగుదల రీడింగ్ ఉబ్బితే హారం పెద్దదై యూనిట్లు పడిపోతాయి. క్లోరోఫిల్, ఫియోఫైటిన్ 420 దగ్గర చేసేది దీనికి తలకిందులు. అవి రీడింగ్‌ను పెంచి, ఉన్న రక్షణను కూడా కప్పేస్తాయి. అందుకని మీ ఆకుపచ్చ సారం విషయంలో బ్లాంక్‌ను ఎక్కువగా తీసేశారా అన్నది ముందు చూడాల్సిన అనుమానం. కణాలు లేని వర్ణకం గొట్టాన్ని బ్లాంక్‌గా పెట్టి, దానికి పలచన లెక్క మరిచిపోతే కావాల్సినంత 'రక్షణ' పుట్టుకొస్తుంది.

మందు తేలికే. రెండు గంటలయ్యాక కణాలను సెంట్రిఫ్యూజ్ చేసి, బఫర్‌తో రెండుసార్లు కడిగి, తాజా బఫర్‌లో కలిపి అప్పుడు 600 చదివి, ఎంజైమ్ పరీక్ష చేయండి. కడిగిన తర్వాత కూడా కణాల ముద్ద రంగుగా ఉంటే, ఓఎన్‌పీజీ వేయని జంట గొట్టం పెట్టి దాని రీడింగ్ తీసేయండి.

బ్యాక్టీరియా బతికున్నాయో లేదో తేల్చడానికి రీడింగ్ చాలదు, అగర్ మీద కాలనీలు లెక్కపెట్టండి. నీటి నమూనాల కోసం రాసిన ఐఎస్‌ఓ 13829 ప్రమాణం పెరుగుదల నియంత్రణ గొట్టంలో (పరీక్షించే పదార్థం వేయనిదాంట్లో) ఉన్నదానిలో సగం కంటే తక్కువైతే ఆ గొట్టం ఫలితాన్ని లెక్కలోకి తీసుకోదు. వర్ణకాల పనిలో నేనైతే పెరుగుదల నియంత్రణకు 0.8 వంతు కంటే తక్కువున్న మోతాదును పక్కన పెట్టమంటాను. రక్షణ చూపాలంటే కణం హాయిగా ఉండాలి కదా.

ఎంజైమ్‌నే వర్ణకం ఆపుతోందా అన్నదానికి ఇంకో గొట్టం: మ్యూటజెన్‌తో మాత్రమే రెండు గంటలు ఉంచి, ఎంజైమ్ బాగా తయారయ్యాక, ఓఎన్‌పీజీతో పాటు వర్ణకం వేయండి. అప్పుడూ పసుపు తగ్గితే మీరు చూస్తున్నది ఎంజైమ్ నిరోధం. ఎస్‌ఓఎస్ స్పందననే వర్ణకం అణిచేస్తోందా అన్నది తేలాలంటే రసాయనం బదులు అతినీలలోహిత కిరణాలతో దెబ్బ కొట్టి, కడిగి, చీకట్లో వర్ణకం కలపండి. అక్కడ పట్టుకోవడానికి మ్యూటజెన్ లేదు. అయినా సంకేతం తగ్గితే, డీఎన్‌ఏ మరమ్మతు మెరుగుపడిందో, జన్యువు పనే మందగించిందో రెండింట్లో ఒకటి. రెండోది రక్షణ కాదు సరికదా, దెబ్బతిన్న కణం తన దెబ్బను పసిగట్టలేకపోవడం.

ఏమ్స్ పరీక్షకు (హిస్టిడిన్ లేకుండా పెరగలేని బ్యాక్టీరియాలో మార్పు వచ్చి పెరిగిన కాలనీలను లెక్కపెట్టేదానికి) మారితే రంగు గొడవ పోతుంది, కానీ హిస్టిడిన్ గొడవ వస్తుంది. నాచు నీటి సారంలో స్వేచ్ఛగా ఉన్న హిస్టిడిన్ ప్లేట్ మీద కాలనీలను పెంచేస్తుంది, ఉన్న రక్షణ కనబడదు. శుద్ధి చేసిన కొవ్వులో కరిగే వర్ణకానికి ఏమ్స్ బాగుంటుంది, ఫైకోఎరిత్రిన్ ముడి సారానికి బాగోదు. కామెట్ పరీక్ష (తెగిన డీఎన్‌ఏ కణం నుంచి తోకలా సాగడాన్ని చూసేది) చేసేవాళ్లకు ఒక్క హెచ్చరిక: మైటోమైసిన్-సి వంటివి డీఎన్‌ఏ పోగులను అడ్డంగా కుట్టేస్తాయి, తోక పొడవు తగ్గుతుంది. అది రక్షణలా కనిపిస్తుంది, నిజానికి దెబ్బే.

ఎక్కడ పనిచేస్తుందో తేల్చడం

ఒకే వర్ణకాన్ని మూడు వేళల్లో ఇవ్వండి. మ్యూటజెన్, వర్ణకం కలిపి అరగంట ఉంచి ఆపై కణాలకు ఇవ్వడం ఒకటి. కణాలను ముందు వర్ణకంతో ఉంచి, కడిగి, తర్వాత మ్యూటజెన్ ఇవ్వడం రెండోది. ముందు మ్యూటజెన్‌తో దెబ్బతీసి, కడిగి, వర్ణకం ఇవ్వడం మూడోది. మొదటి వరసలో మాత్రమే తగ్గితే వర్ణకం బయటే మ్యూటజెన్‌ను పట్టుకుంది లేదా పాడుచేసింది. మూడోదాంట్లో కూడా తగ్గితేనే మరమ్మతు గురించి మాట్లాడాలి. నాచు వర్ణకాల్లో ఎక్కువ భాగం మొదటి రకంగానే తేలతాయి. అందులో చిన్నతనమేమీ లేదు, అలా తేలితే అలాగే రాయాలి.

మ్యూటజెన్లను కూడా తేడా తెలిసేలా ఎంచుకోండి. ఎంఎన్‌ఎన్‌జీ నేరుగా దెబ్బతీస్తుంది. 4-నైట్రోక్వినోలిన్ ఆక్సైడ్‌ను బ్యాక్టీరియా తన ఎంజైములతోనే చురుకు చేసుకుంటుంది. మాంసం, చేప మాడినప్పుడు పుట్టే ట్రిప్-పి-1, పొగలోని బెంజో-ఎ-పైరీన్, బూజు విషమైన అఫ్లాటాక్సిన్ బి1 లకు కాలేయ ఎంజైములు కావాలి, అంటే ఎస్9 మిశ్రమం కావాలి. ఈ చివరి మూడూ చదునైన వలయాలున్నవే. క్లోరోఫిల్ నుంచి తయారుచేసే క్లోరోఫిలిన్ అఫ్లాటాక్సిన్‌తో ఒకటికి ఒకటిగా జతకడుతుందని, విడిపోయే స్థిరాంకం సుమారు 1.4 మైక్రోమోలార్ అని 1995లో కొలిచారు. మీ వర్ణకం ట్రిప్-పి-1 మీద గట్టిగా, ఎంఎన్‌ఎన్‌జీ మీద బలహీనంగా పనిచేస్తే కథ కుదురుతుంది. అయితే ఎస్9 వాడిన చోట మరో అనుమానం: వర్ణకం మ్యూటజెన్‌ను కాక, దాన్ని చురుకు చేసే పీ450 ఎంజైమ్‌ను ఆపి ఉండొచ్చు. ఎస్9 పరిమాణాన్ని రెండింతలు చేసి చూడండి. తగ్గుదల చాలావరకు పోతే ఎంజైమ్ వైపే వేలు చూపుతుంది.

ఒక భద్రతా విషయం. ఎంఎన్‌ఎన్‌జీ మిగులును గాఢ క్షారంలో పారబోయకండి. విషపూరితమూ, పేలేదీ అయిన డయాజోమీథేన్ వాయువు పుడుతుంది. అఫ్లాటాక్సిన్‌ను సోడియం హైపోక్లోరైట్‌తో నిర్వీర్యం చేశాక 5 శాతం అయ్యేలా ఎసిటోన్ కలపాలి. లేకపోతే మధ్యలో పుట్టే క్లోరిన్ సమ్మేళనం కూడా క్యాన్సర్ కారకమే. వర్ణకం తూచేటప్పుడు సరదాగా ఉండే చెయ్యి మ్యూటజెన్ తూచేటప్పుడు ఉండకూడదు. రెండు జతల నైట్రైల్ తొడుగులు, ఫ్యూమ్ హుడ్ తప్పవు.

ఇవన్నీ చేశాక 'ఫియోఫైటిన్ ప్రధానంగా ఉన్న ఈ సారాన్ని 20 మైక్రోమోలార్ దగ్గర మ్యూటజెన్‌తో ముందే కలిపి ఉంచినప్పుడు, కణాల బతుకు తగ్గకుండా, ఉము సంకేతం ఇంత శాతం తగ్గింది' అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

తింటే?

గొట్టంలో వచ్చిన అంకెను పళ్లెంలోకి తేవడం కష్టం. ఫ్యూకోజాంథిన్ సంగతే చూడండి. పేగుల్లో అది ఫ్యూకోజాంథినాల్‌గా మారి రక్తంలోకి వెళ్తుంది. 31 మి.గ్రా. ఫ్యూకోజాంథిన్ ఉన్న కొంబు సారం తీసుకున్నవారి రక్తంలో ఫ్యూకోజాంథినాల్ గరిష్ఠంగా లీటరుకు 44 నానోమోల్స్ దాకా వచ్చిందని 2012లో జపాన్‌లో కొలిచారు. కణాల ప్రయోగాల్లో వాడే 25 మైక్రోమోలార్ దానికి దాదాపు 570 రెట్లు. రక్తం దాకా వెళ్లి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో కాపాడుతుందన్న వాదన ఇక్కడే బలహీనపడుతుంది.

పేగు లోపలి సంగతి వేరు. క్లోరోఫిల్ చాలావరకు ఒంటికి పట్టదు. పేగులోనే ఉండి విషాన్ని పట్టుకుని బయటికి పంపడానికి అదే అనుకూలం. చైనాలోని చీడాంగ్‌లో అఫ్లాటాక్సిన్ బెడద ఉన్న చోట 180 మంది పెద్దలపై చేసిన పరీక్షలో, భోజనంతో పాటు రోజుకు మూడుసార్లు 100 మి.గ్రా. చొప్పున క్లోరోఫిలిన్ నాలుగు నెలలు ఇస్తే, మూత్రంలో అఫ్లాటాక్సిన్-గ్వానిన్ జంట (డీఎన్‌ఏకు విషం తగిలిన గుర్తు) 55 శాతం తక్కువగా కనిపించింది. 2001లో ఆ ఫలితం వెలువడింది. క్లోరోఫిలిన్ రాగి కలిపి తయారుచేసిన, నీటిలో కరిగే మందు, నాచులోని వర్ణకం కాదు. 2009లో నలుగురు వలంటీర్లకు 30 నానోగ్రాముల రేడియో గుర్తు ఉన్న అఫ్లాటాక్సిన్‌తో పాటు 150 మి.గ్రా. సహజ క్లోరోఫిల్ ఇచ్చినప్పుడు కూడా విషం రక్తంలోకి ఎక్కడం తగ్గింది. నలుగురే, ఒక్క మోతాదే. కానీ వర్ణకం, విషం ఒకే పూట పేగులో కలవాలన్నది దీన్నుంచి తెలుస్తోంది. పొద్దున నాచు తిని రాత్రి మాడిన మాంసం తింటే ఈ లెక్క పనిచేయదు.

150 మి.గ్రా. క్లోరోఫిల్ కోసం, ఎండు నాచు గ్రాముకు 5 మి.గ్రా. ఇస్తుందనుకున్నా, 30 గ్రాముల ఎండు నాచు కావాలి. అంత తింటే మొదట ఎదురయ్యేది అయోడిన్. పెద్దలకు రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములు. అమెరికా పెట్టిన పైహద్దు 1,100, యూరప్‌ది 600. కొంబులో గ్రాముకే వెయ్యి, రెండు వేల మైక్రోగ్రాములు ఉండొచ్చు. నోరిలో చాలా తక్కువ. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు కొంబుతో ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు నాచులోని విటమిన్-కె సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. హిజికి అనే గోధుమ నాచులో అకర్బన ఆర్సెనిక్ ఎక్కువని బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2004లోనే తినొద్దని చెప్పింది. ఆ ఆర్సెనిక్ క్యాన్సర్ కారకమని రుజువైనదే. డీఎన్‌ఏను కాపాడుకోవాలని దాన్ని తినడం కంటే వింత ఉండదు.

వర్ణకాన్ని విడదీసి మాత్రగా మింగడం ఇంకా జాగ్రత్త పడాల్సిన విషయం. నాచులో కూడా ఉండే బీటా కెరోటిన్ గొట్టంలో చక్కగా కాపాడుతుంది. కానీ ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో రోజుకు 20 మి.గ్రా. ఇచ్చిన వర్గంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. 1994లో ఇది వెలువడింది. బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్-ఎ ఇచ్చిన అమెరికా పరీక్షను ఇలాంటి కారణంతోనే 1996లో ఆపేశారు.

క్లోరోఫిల్ ఉత్పత్తుల్లో మరో సంగతి ఫియోఫార్బైడ్. తడిగా, వెచ్చగా నిలవ ఉన్న నాచులో క్లోరోఫిలేజ్ ఎంజైమ్ క్లోరోఫిల్ తోకను తెంపేస్తుంది, ఆమ్లం మెగ్నీషియాన్ని తీసేస్తుంది, మిగిలేది ఫియోఫార్బైడ్. ఇది ఒంటికి పడుతుంది, ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది. 1977లో జపాన్‌లో క్లోరెల్లా మాత్రలు తిన్నవాళ్లకు ఇలాగే చర్మం దెబ్బతింది, 1981లో అక్కడి ప్రభుత్వం దానికి పరిమితి పెట్టింది. మీ నమూనాలు రోజుల తరబడి తడిగా ఉండిపోయి ఉంటే, పరీక్షకు ముందు హెచ్‌పీఎల్‌సీలో ఫియోఫార్బైడ్ శిఖరం ఎంతుందో ఓసారి చూసుకోండి. ఫియోఫైటిన్ కంటే చాలా ముందే బయటికొస్తుంది, రెంటి రంగూ ఒకటే కాబట్టి స్పెక్ట్రోఫోటోమీటర్ ఒక్కదానితో దాన్ని పట్టలేరు.